తమ్ముడి శ్రుతి

"బావా, ఈ తొమ్మిదింట్లో నీకు ప్రాణం ఏది?"

మర్నాడు కచేరీ ఉన్న బామ్మర్ది ఒక్కో గిటారునూ గోడ మీంచి దించి, మీటి, మురిసిపోతున్నాడు. రాత్రి పదకొండు దాటింది. మేడ మీది గదిలో ఇద్దరే ఉన్నారు.

"ప్రాణం సంగతి తర్వాత. నీకిద్దామనుకున్నది ఆ చివరిది," అన్నాడు బావ.

అది అతని తమ్ముడిది. చాలాకాలం వాయించకపోతే మెడ వంగిపోతుందని గిటారు తీగలు వదులు చేస్తారు. మూడేళ్ల క్రితం తమ్ముడు అలాగే ఆరు తీగలూ వదులు చేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు. ఇక రాడని తనకు తాను నచ్చజెప్పుకోవడానికే బావ ఈ రాత్రి దాన్ని ఇచ్చేస్తున్నాడు.

బామ్మర్ది దాన్ని ఒళ్లో పెట్టుకుని మీటాడు. గదంతా నిండుగా మోగింది.

"అబ్బ, భలే శ్రుతి చేశావే! కానీ అర స్వరం కిందకి పెట్టావేంటి? ముసలాడివైపోయావా బావా?"

బావ నవ్వలేదు. "మూడేళ్లుగా నేను దాన్ని ముట్టుకోలేదురా."

"మరెవరు?"

"వాడి గొంతు పైకి పోదు. పాడుకోడానికి వీలుగా వాడొక్కడే అలా పెట్టుకునేవాడు."

బామ్మర్ది చప్పున తీగల మీంచి చెయ్యి తీసేశాడు. బావ గిటారు అందుకుని జాగ్రత్తగా గోడకు తగిలించాడు.

"రేపటి కచేరీకి ఇంకోటి తీసుకెళ్లు. ఇది ఇవ్వలేను."

లైటార్పి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చారు. ఇద్దరికీ మెట్లు దిగబుద్ధి కాలేదు.

లోపల ఎవరో, పాట అందుకోబోతున్నట్టు, మెల్లగా గొంతు సవరించుకున్నారు.