పారేస్తే పాపం

"ఇంకా తగ్గలే?" భార్య పొట్ట వైపు చూసి మల్లేశ్వర్ నవ్వాడు. "రోజూ రోడ్డు మీద గంత ఉరుకుతున్నవ్. విమానమైతే ఈపాటికి లేసేది."

అనుపమ నడుముకు చుట్టిన టేపు తీసేసింది. ఎయిర్‌పోర్టులో గార్డు ఉద్యోగానికి సోమవారమే పరీక్ష. పొట్ట ఉన్నవాళ్లను గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేస్తామని ఏజెన్సీవాళ్లు ముందే చెప్పారు.

"నేను తిన్నది ఒక్క జొన్నరొట్టె. ఇంకేం తగ్గియ్యాలె?"

"ఏమో మరి," అంటూ అతను తన కంచం ఆమె ముందుకు నెట్టాడు. అందులో చారు పీల్చి ఉబ్బిన అన్నం, దాని మీద నమిలి ఉమ్మిన మునక్కాయ పిప్పి ఉన్నాయి.

అత్త ఈరమ్మ తన కంచంలో మిగిలింది కూడా అందులోనే ఒంపింది. "తిను బిడ్డా. అన్నం పారేస్తే పాపం తగుల్తది."

అనుపమ అలవాటుగా పిప్పి ఏరేసి ముద్ద ఎత్తింది. జిగటగా వేళ్లకు అంటుకుంది. పెళ్లయినప్పటి నుంచీ రెండుపూటలా ఇదంతా తినేది తనే. కానీ దీన్ని తిండిగా ఎన్నడూ లెక్కేసుకోలేదు. గిన్నెలు తోమినట్టే ఇదీ ఒక పని అనుకుంది.

ముద్ద వదిలేసి కంచాన్ని మల్లేశ్వర్ ముందుకు జరిపింది.

"నాకు పాపం వద్దు. నువ్వే తిను."

"ఛీ! అందుల అమ్మ ఎంగిలున్నది. నేనెట్ల తింట?" మల్లేశ్వర్ ముక్కు మూసుకున్నాడు.

అనుపమ అత్త వైపు చూసింది. ఈరమ్మ కంచం తీసుకుని కుడితి తొట్టి వైపు నడిచింది.