స్పీకర్ తీసేసిన రోజు

"ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, గది ఖాళీ చెయ్యాల్సిందే!"

హాస్టల్ వార్డెనమ్మ గుమ్మంలోనే నిలబడి ఆ ముక్క చెప్పేసి చక్కా పోయింది. బుల్లికి పరీక్షలు నెత్తిమీదున్నాయి. ఈ పరాయి దేశంలో ఇప్పటికిప్పుడు మరో గది ఎవరిస్తారు?

నేరమేమిటంటారా? సాయంత్రం పూట అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడటం. అమ్మమ్మకి చెవులు కాస్త మందం. పైగా మనవరాలు సముద్రం దాటింది కాబట్టి, అంత దూరం వినబడాలంటే అరవాల్సిందేనని ఆవిడ గట్టి నమ్మకం. ఇటు బుల్లి స్పీకర్ పెట్టి, బట్టలు మడతపెట్టుకుంటూ అరుస్తుంది. అటునుంచి ఆవిడ అరుస్తుంది. గోడలకి చెవులుంటాయంటారు. ఈ హాస్టల్ గోడలకి నోరు కూడా ఉన్నట్టుంది, ఎవరో ఫిర్యాదు చేసేశారు.

ఎవరో ఏమిటి, పక్కగదిలో కొత్తగా దిగిన పిల్లే అయ్యుంటుంది. పొద్దున్నే పోతుంది, రాగానే తలుపేసుకుంటుంది. బుల్లి ఇంతవరకూ దాని మొహం కూడా చూడలేదు.

ఆ సాయంత్రం బుల్లి స్పీకర్ తీసేసి, దుప్పటి ముసుగేసుకుని, ఫోన్ చెవికి అదిమిపెట్టుకుంది.

"అమ్మమ్మా..."

"ఎవరూ?"

"నేనే, బుల్లిని."

"గొంతు లేవట్లేదేమే? జ్వరం గానీ వచ్చిందా?"

"లేదు అమ్మమ్మా, ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదట."

"ఆఁ? సర్లే, అసలు సంగతి విను. మన మందారాలు తెల్లారేసరికి ఎవరో కోసుకుపోతున్నారని, ఇవాళ కాపు కాస్తానని నిన్న చెప్పానా? పట్టేశానే! దొంగ ఎవరనుకున్నావ్?"

"ఎవరు?" గుసగుసగా అడిగింది.

"ఆఁ?"

"ఎవరూ అంటున్నా!"

ఆ గుసగుస అటు వినబడనే లేదు. అమ్మమ్మ గొంతు చిన్నబోయింది.

"వినే ఓపిక లేకపోతే లేదని చెప్పు తల్లీ. ఈ ముసల్దాని సోది నీకెందుకులే."

ఫోన్ పెట్టేసింది. బుల్లికి ఏడుపు తన్నుకొచ్చింది. రోజంతా ఆ గొంతు కోసమే కదా ఎదురుచూసేది! సరిగ్గా అప్పుడే పక్కగది గోడ మీద దబదబా బాదుడు.

బుల్లికి ఒళ్ళు మండిపోయింది. గుసగుసలాడినా తప్పేనా? గది పోతే పోయింది, ఇవాళ దీని సంగతేదో తేల్చుకోవాల్సిందే! చరచరా వెళ్ళి పక్కగది తలుపు దడదడా కొట్టింది.

తలుపు తీసింది ఓ బక్కపల్చని పిల్ల. ఎడమచేతిలో కంచం, కుడిచెయ్యి ఎంగిలి. కలిపిన అన్నం కలిపినట్టే ఉంది.

బుల్లి అవేవీ పట్టించుకోలేదు. ఆ దేశం భాషలో తనకి వచ్చినంత మేరకు దులిపేసింది.

"మా అమ్మమ్మ మనసు కష్టపెట్టుకుని ఫోన్ పెట్టేసింది. నీ కడుపు చల్లబడిందా? స్పీకర్ కూడా తీసేశాను కదా, ఇంకా ఏం కావాలి నీకు?"

ఆ పిల్ల బెదిరిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. అచ్చ తెలుగులో అంది.

"ఫిర్యాదు నాది కాదక్కా, నీ పైగదివాళ్ళది. నన్నూ చెప్పమన్నారు, నేను చెప్పనన్నాను. నాకు ఫోన్ చేసేవాళ్ళెవరూ లేరు. రోజూ అమ్మమ్మగారి మాటలు వింటూనే అన్నం తింటున్నాను. ఇవాళ వినబడకే గోడ కొట్టాను. నా పైగది ఖాళీయే, లోపలికి రా. మళ్ళీ ఫోన్ చేసి స్పీకర్ పెట్టక్కా... ఆ పూలదొంగ ఎవరో తెలిస్తే గానీ నాకు ముద్ద దిగదు!"