గుమ్మం ఎత్తు

అక్‌బులాక్ ఊరి హైస్కూలుకు ఆ సాయంత్రమే కొత్త పేరు బోర్డు తగిలించారు.

"పేరు మార్చేస్తే పాత పిల్లలు దారి తప్పిపోరూ, తల్లీ?" అని కాపలాదారు జుమాబెక్ తాత పంతులమ్మ ఐజాదాను ఆటపట్టించి ఇంటికి పోయాడు.

మర్నాడు ఆఖరి గంట పండుగ, బడి ఏడాది ముగిసే రోజు. ఏటా ఆ రోజు చదువు ముగించిన కుర్రాడొకడు ఒకటో తరగతి పాపను భుజాన కూర్చోబెట్టుకుని బడంతా తిప్పుతాడు. పాప గంట వాయిస్తుంది. చిన్నప్పుడు ఐజాదాను మోసినవాడు పొడుగాటి తొలొగోన్. గుమ్మం వచ్చినప్పుడల్లా "తల వంచుకో చిట్టీ" అనేవాడు. ఆ ఏటి చలికాలంలోనే మంచుచరియ కింద కూరుకుపోయి చనిపోయాడు.

మర్నాటి కోసం గంటకు రిబ్బను కట్టేసరికి చీకటి పడింది. కరెంటు లేదు. ఐజాదా గంట పట్టుకుని వరండాలో నడుస్తుంటే, బరువైన బూట్ల చప్పుడు వినిపించింది.

"తల వంచుకో చిట్టీ. పేరు మార్చారు గానీ, గుమ్మం ఎత్తు మార్చలేదు."

"చాల్లే తాతా, నీ వేళాకోళం!" అంటూనే ఆమె తల వంచింది.

గుమ్మం పైచెక్క ఆమె జుట్టును రాసుకుంటూ పోయింది. బూట్ల చప్పుడు సాగుతూనే ఉంది. ఆమె కాళ్లు మాత్రం నేలకు తగలడం లేదు. పడిపోతానేమోనని కంగారుగా చెయ్యి చాస్తే, కింద మంచుతో తడిసిన జుట్టు చల్లగా తగిలింది.

ఆమె దాన్ని గట్టిగా పట్టుకుని, గంట వాయించింది.