ఆపి, ఫోన్ చేయండి

1996లో గుడియాత్తం లుంగీల కంపెనీలో కంప్యూటర్ డిస్కు పాడై, చెక్స్ డిజైన్లన్నీ పోయాయి. ఆపరేటర్ అంజలైదే తప్పని ఆమెను పని మాన్పించారు. తప్పెవరిదో వేలూరు సురేంద్రన్‌కి తెలుసు. డిస్కును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం అతను రాసిందే. ఏ లోపం వచ్చినా అది ఇంగ్లీషులో ఒకే మాట చూపేది: "మళ్ళీ ప్రయత్నించండి."

ఆ రోజు అంజలై అతనికి ఫోన్ కూడా చేసింది. "డిస్కు గీరుకుంటా ఉండాది సార్. మళ్ళీ కొట్టమంటాది. కొట్టేదా?"

"స్క్రీన్ మీద ఏముంటే అది చెయ్యమ్మా," అని విసుక్కుని పెట్టేశాడు. ఆమె మళ్ళీ మళ్ళీ కొట్టేసరికి డిస్కు పూర్తిగా పాడైంది. విచారణలో ఆ సంగతి మింగేశాడు.

ఇప్పుడు స్క్రీన్ మీద వచ్చే ఆ మాట మార్చడానికే కంపెనీకి వచ్చాడు. పొద్దుగూకి అందరూ వెళ్ళిపోయారు. తాళాలతో వచ్చిన వాచ్‌మన్ అంకప్పను, "అంజలై యాడుండాది?" అని అడిగాడు.

"ఆ పొద్దు ఈడ నించి పోయిన మనిషి ఇల్లు చేరలేదు నాయనా," అని అంకప్ప గేటు వైపు వెళ్ళిపోయాడు.

సురేంద్రన్ ఆమె కుర్చీలోనే కూర్చుని పని ముగించాడు. పరీక్షించడానికి డిస్కు వైరు పీకాడు. కొత్త మాట సరిగ్గానే వచ్చింది: "డిస్కు చెడిపోతోంది. ఆపి, మాకు ఫోన్ చేయండి."

దాని కింద, అతను రాయని మరో వరుస వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట.

"చేసినాను సార్."

అతని తల వాలిపోయింది. "తప్పు నాదేనమ్మా. రేపు అందరికీ చెప్తాను," అన్నాడు, ఖాళీ గదిలో పైకే.

టకటకమని చప్పుడు మొదలైంది. ఎదుట కీబోర్డు మీద మీటలు ఒకటొకటిగా దిగుతున్నాయి. అతని చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. తలెత్తి చదవడానికి అతనికి ముఖం చెల్లలేదు.