రెండో మలుపు దగ్గర

కెమెరా తిరుగుతుండగా ముసలాయన ట్రాక్ మీదికి నడిచొచ్చాడు.

"ఆపండి" అంది కింగా. "ఎవరాయన? గేటు దగ్గర మనిషి లేడా?"

బండి మీదున్న రాడెక్ హెల్మెట్ తీశాడు.

"లుద్విక్. నేను వేస్తున్న వేషం ఆయనదే. ఇంకా ఉన్నాడని నాకూ తెలీదు."

కింగా వార్సా నుంచి వచ్చింది. ఈ ఊరి మోటారుసైకిల్ రేసు వీరుడు రోమువాల్ద్ మీద డాక్యుమెంటరీ తీస్తోంది. ఆయన పోయి కొన్నేళ్లయింది. స్టేడియానికి ఇప్పుడు ఆయన పేరే.

ఆ కథ ఊళ్లో బడిపిల్లలు కూడా చెబుతారు.

నలభై ఏళ్ల కిందట పోలండ్ కప్పుకు చివరి పరుగు. రోమువాల్ద్, లుద్విక్ ఇద్దరూ ఈ ఊరివాళ్లే. ఇద్దరిలో ముందొచ్చినవాడిదే కప్పు.

రెండో మలుపులో దుమ్ము లేచింది. అది తగ్గేసరికి ఇద్దరూ నేల మీద ఉన్నారు.

వెనక ఉన్న లుద్విక్ కావాలని గుద్దాడన్నారు. పరుగు ఎవరివల్ల ఆగిందో వాణ్ని తప్పించి మిగతావాళ్లతో మళ్లీ పెడతారు; వాడికి మళ్లీ పరుగు లేదు, అది నియమం. లుద్విక్‌ను బయటికి పంపేశారు. రోమువాల్ద్ విరిగిన మణికట్టుతో మళ్లీ నడిపి గెలిచాడు.

ఆ మలుపును ఆ రోజు ఏ కెమెరా పట్టుకోలేదు. అందుకే కింగా ఇప్పుడు మళ్లీ ఆడించి తీస్తోంది.

లుద్విక్ ఆమె దగ్గరికొచ్చి టోపీ తీశాడు.

"అమ్మాయీ, గుద్దినట్టు తీయకు."

"మరెలా తీయమంటారు, లుద్విక్ గారూ?"

"పడినట్టు తియ్యి. చాలు."

"ఊరంతా గుద్దారనే చెబుతోంది కదా."

"ఊరు నోటితో చెబుతోంది. ఎక్కడో ఒకరిద్దరికైనా అనుమానం మిగిలే ఉంటుంది. నువ్వు కళ్లకు చూపించావంటే అదీ పోతుంది."

రాడెక్ బండి మీద చెయ్యేసి నవ్వాడు.

"తాతా, బండి ఇస్తాను, నువ్వే ఎక్కి చూపించరాదూ? ఈసారి గుద్దడానికి ఆయన లేడులే, భయం లేదు."

లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా నవ్వారు. ముసలాయన నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు.

"ఈ రేసు బండ్లకు బ్రేకులుండవు. నువ్వూ నడుపుతున్నావు. నీకు తెలియాలి నాయనా."

రాడెక్ హెల్మెట్ తగిలించుకున్నాడు.

కింగాకు అప్పుడొక ఆలోచన వచ్చింది. కుర్చీ తెప్పించి కెమెరా ముందు వేయించింది.

"కూర్చోండి. ఇన్నేళ్లయింది, ఆయనకు క్షమాపణ చెప్పుకోవాలని ఉందా?"

లుద్విక్ స్టాండు వైపు చూశాడు. రోమువాల్ద్ భార్య బోజేనా ఒళ్లో కంబళి వేసుకుని కూర్చునుంది. సినిమావాళ్లు పిలిస్తే వచ్చింది. ఆవిడ తల దించుకుంది.

"లేదు" అన్నాడు లుద్విక్.

"ఒక్క ముక్క చాలు."

"ఆయన లేడు కదా. లేని మనిషి గురించి నేనేం మాట్లాడను."

"మొండి ఘటం" అన్నాడు కెమెరా అతను. "వెలుతురు పోతోంది, కానివ్వండి."

లుద్విక్ మెల్లగా వెళ్లి అవతలి స్టాండులో చివరి బల్ల మీద కూర్చున్నాడు. జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి ఒలుచుకుంటూ చూశాడు.

రాడెక్ ముందుచక్రం ముందున్న బండి వెనకచక్రానికి తగిలింది. ఎర్రటి దుమ్ము లేచింది.

"బాగా వచ్చింది" అంది కింగా.

ఆమె తలెత్తేసరికి బల్ల దగ్గర పొట్టు మాత్రమే ఉంది.

అక్టోబరులో ఊరి సినిమాహాల్లో ఆట వేశారు. లుద్విక్ టికెట్ కొనుక్కుని వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. జనం గోడల వెంబడి నిలబడ్డారు గానీ ఆయనకు అటూ ఇటూ ఉన్న సీట్లలో ఎవరూ కూర్చోలేదు.

ఆ ఘట్టం వచ్చింది.

హాలంతా ఈలలు. ఇక్కడ ఈల వేశారంటే ఛీ కొట్టినట్టే. కొందరు తెర వైపు కాదు, వెనక్కి తిరిగి మరీ వేశారు.

ఆయన లైట్లు వెలిగేదాకా ఉండి, అందరూ వెళ్లాక లేచాడు.

నవంబరు ఒకటిన ఇక్కడ సమాధుల మీద దీపాలు పెడతారు. రేసువాళ్ల సమాధులకు సొంతవాళ్లకంటే అభిమానులే ముందొస్తారు. రోమువాల్ద్ రాయి కనిపించనన్ని దీపాలు. కింగా కూడా వచ్చి ఒకటి పెట్టింది.

బోజేనా ఆ దీపాల్లోంచి ఒకటి చేతిలోకి తీసుకుంది. సమాధుల మధ్య నుంచి గోడ దాకా నడిచింది. కింగా వెనకే వెళ్లింది.

అక్కడొక కొత్త దిబ్బ. రాయి లేదు, పువ్వు లేదు.

"ఇదెవరిది, బోజేనా గారూ?"

"లుద్విక్‌ది. పోయిన వారం."

"మీ ఆయన్ని గుద్దినాయనకా దీపం?"

బోజేనా వంగి దీపం పెట్టింది. గాలికి చెయ్యి అడ్డం పెట్టింది.

"గుద్దలేదమ్మా. మా ఆయన తనంతట తనే పడ్డాడు. ఆయన మీదికెక్కేస్తానేమోనని, ఈయన తన బండిని నేలకు పడేసుకున్నాడు."

కింగా దిబ్బ వైపు తిరిగింది.

"రెఫరీ అడిగితే మా ఆయన నోరు విప్పలేదు. ఆయనే చెబుతాడని ఈయన చూస్తూ నిలబడ్డాడు. అలాగే ఉండిపోయాడు."

"మరి మీరు? షూటింగు రోజు అక్కడే ఉన్నారు కదా?"

"ఉన్నాను. ఈయన బతికే ఉన్నాడుగా, తర్వాత చెబుదాంలే అనుకున్నాను."

దీపం నిలబడింది. బోజేనా చెయ్యి తీసింది.

"ముందు పడినవాడికి మళ్లీ పరుగు లేదు కదమ్మా, ఆ ఏడు పోలండ్ కప్పు ఈయనది."