ఎడమకి లాగే కారు

“నువ్వు తిప్పలేదే. అదే తిరిగింది. ఇంకెన్నిసార్లు చెప్పాలి నీకు?” మెకానిక్ షెడ్డు గుమ్మంలోనే మొదలుపెట్టింది అత్తగారు.

“కాదత్తయ్యా. కుక్క అడ్డమొచ్చేసరికి కంగారుపడి బ్రేకు తొక్కాను. కారెళ్లి గోడకి కొట్టుకుంది. నేనే తిప్పేసి ఉంటాను.”

“ఉంటానేంటి? తిప్పావా, లేదా?”

కోడలికి అదే గుర్తులేదు. గుర్తున్నదల్లా పక్కసీట్లో అత్తగారు పెట్టిన కేక, వేలాడిపోయిన ఆవిడ చెయ్యి. కట్టు విప్పేశారు గానీ, ఆ చేత్తో ఆవిడ ఇప్పటికీ జడ వేసుకోలేదు. ఆవిడకి తను జడ వేసే ప్రతి పొద్దూ కోడలికి ఆ గోడే కళ్లముందు కనబడుతుంది. ఆరోజు నుంచీ స్టీరింగ్ ముట్టుకుంటే ఒట్టు.

ముట్టుకోకపోతే కుదరదు మరి. మంచం దిగలేని రోగుల ఇళ్లకెళ్లి కట్లు కట్టి, ఇంజక్షన్లు చేసి వచ్చే నర్సు ఆమె. ఆ పనంటే ప్రాణం. “రేపు పొద్దున కారేసుకుని వస్తే సరే, లేదంటే నీ చోట ఇంకొకరిని వేస్తాను” అని పెద్ద నర్సమ్మ తేల్చి చెప్పేసింది. రాలేనని చెప్పేద్దామనే కోడలు నిశ్చయించుకుంది. అత్తగారే పట్టుబట్టి, డ్రైవరుని పెట్టి కారు ఇక్కడికి తెప్పించింది.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. భారీ మనిషి, నెమ్మదైన మాట.

“ఏంటమ్మా కంప్లైంటు?”

“ముసలి కారు. బ్రేకు కొడితే ఎడమకి లాగేస్తోంది,” అంది అత్తగారు.

“కారుదేం లేదండీ. తప్పు నాది,” అంది కోడలు.

“మీరిద్దరూ ముందు ఒకమాట మీదకి రండమ్మా,” అని నవ్వి అతను జాకీ తెచ్చాడు.

ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. చప్పుడు రాలేదు. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, కిందకి దూరి చూశాడు. “జాయింట్లు గట్టిగానే ఉన్నాయి.” టైర్లలో గాలి చూశాడు. “సమానంగానే ఉంది.” చక్రం ఊడదీసి బ్రేకు ప్యాడ్లు వేలితో తడిమాడు. “ఇవీ పెద్దగా అరగలేదు.”

తప్పు తనదేనని ఇన్నాళ్లూ వాదించిన కోడలికి, అతను ‘బాగుంది’ అన్నప్పుడల్లా గుండె జారిపోతోంది. ఏదో ఒకటి పాడై ఉంటే బావుండునని తనెంత ఆశపడుతోందో అప్పుడే తెలిసింది ఆమెకి. కళ్లు తుడుచుకుని బయటికి నడవబోయింది.

“ఎక్కడికే? ఆగు!” అని కోడల్ని ఆపి, అత్తగారు మెకానిక్ మీద పడింది. “ఏమయ్యా, అన్నీ బాగున్నాయంటావేంటి? సరిగ్గా చూడు!”

మెకానిక్ నీళ్లు నమిలాడు. “చూస్తున్నానమ్మా... ఓసారి రోడ్డు మీద నడిపి చూద్దాం.”

చక్రం మళ్లీ బిగించి, షెడ్డు వెనక సందులోకి కారు తీశాడు. అత్తగారు ముందు కూర్చుంది. కోడలు వెనక సీట్లో బిగుసుకుపోయింది. “బ్రేకు కొడుతున్నా” అని వినపడగానే కళ్లు గట్టిగా మూసుకుంది.

“అదిగో! లాగిందా లేదా?” అత్తగారి గొంతు.

“లాగిందండీ. బాగానే లాగింది.”

కోడలు కళ్లు తెరిచింది. “నిజంగానా అన్నా?”

అతను కారుని షెడ్డుకి తిప్పాడు. వచ్చాక బానెట్ మీద చెయ్యేసి వివరించాడు. “ముందు రెండు చక్రాలకీ బ్రేకు ఆయిలు రబ్బరు గొట్టాల్లోంచి వెళ్తుందమ్మా. పాతబడ్డ గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బి పూడుకుపోతుంది. కుడివైపుది పూడుకుందనుకో, ఎడమ చక్రం ముందు పట్టేస్తుంది. బండి అటు తిరిగిపోతుంది. ఎవరు నడిపినా అంతే.”

“ఎవరు నడిపినా?”

“నేను నడిపినా అంతే.”

అతను పానాలు పట్టుకుని కారు కిందకి దూరాడు. “నా గొంతు ఎండిపోతోంది, మంచినీళ్లు పట్రావే” అని అత్తగారు కోడల్ని వీధి చివరి కొట్టుకి తరిమింది. ఆమె సీసాతో వచ్చేసరికి మెకానిక్ కారు కిందనుంచి బయటికొస్తున్నాడు. జానెడు నల్లగొట్టం, ఒక సన్నతీగ ఆమె చేతిలో పెట్టాడు.

“కొత్తది బిగించాను. పాతదాంట్లో తీగ దూర్చి చూడమ్మా.”

తీగ సగంలోనే ఆగిపోయింది. రెండో వైపు నుంచి దూర్చింది. అటునుంచీ వెళ్లలేదు. ఆ గొట్టాన్ని గుండెకి హత్తుకుని, మసి అంటుతుందన్న ధ్యాస కూడా లేకుండా భోరుమంది.

“నేను కాదత్తయ్యా... నేను కాదు...”

“ఆ ముక్కే కదే నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది! ముక్కు తుడుచుకుని తాళాలు తీసుకో.”

“మీరు వెనక కూర్చోండి.”

“నా సీటు ముందుది,” అని అత్తగారు దర్జాగా పక్కనే కూర్చుని బెల్టు పెట్టుకుంది.

కోడలు తాళం తిప్పి కారు కదిలించింది. సందు మలుపులో కళ్లు మూసుకుని బ్రేకు తొక్కింది. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. మళ్లీ నడిపింది, మళ్లీ తొక్కింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. ఇంకోసారి తొక్కేటప్పటికి ఆమెకి నవ్వాగలేదు.

“చాల్లేవే, నా నడుం కూడా విరగ్గొడతావా? ఆ నర్సమ్మకి ఫోన్ చెయ్యి, రేపు వస్తున్నానని చెప్పు.”

కోడలు కారు పక్కకి ఆపి ఫోన్ చేసింది. “వస్తున్నానండీ, నా కారులోనే!” అని ఆమె గట్టిగా చెబుతుంటే, అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, నొప్పి తగ్గని చెయ్యి మెల్లగా నిమురుకుంది.

ఆ పూడుకుపోయిన గొట్టాన్ని ఆరోజు పొద్దున్నే తుక్కుకొట్లో ఏరి తెచ్చి మెకానిక్ చేతికిచ్చింది ఆవిడే.