ఓబులమ్మ ఇంటి సముద్రం

గనులన్నీ మూతపడ్డాక బేతంచెర్ల నాపరాళ్లు ఇళ్లలోనే మిగిలాయి. పాత సముద్రాల కబుర్లూ, మంచుకాలాల ఆనవాళ్లూ ఇక వాటిలోనే వెతకాలి. అందుకని ఇప్పుడు ప్రతి వంటింటి బండనూ చదువుతున్నారు. పక్కింటి పొయ్యిగట్టు బండలో మంచుకాలం ఆనవాలు దొరికిందని వీధంతా గొప్పగా చెప్పుకుంటోంది.

రాళ్లు చదివే నస్రీన్ వస్తోందని ఓబులమ్మ పొద్దున్నే తన పొయ్యిగట్టు బండ మీది జిడ్డంతా యాసిడ్ పోసి రుద్దింది. ఇంటికి మనిషి వచ్చేసరికి మురికిగా ఉంటే ఎంత అప్రతిష్ఠ!

నస్రీన్ చేతియంత్రాన్ని బండకు ఆనించి, ఒక్కసారిగా కేక పెట్టింది.

"పెద్దమ్మా! మంచు పట్టకముందు ఈడ సముద్రమంతా యాసిడ్ మాదిరి పుల్లగా మారిపోయిండాది! ఈ గుర్తు కోసమే ఏండ్లుగా ఇల్లిల్లూ తిరుగుతాండా."

ఓబులమ్మ గబగబా అడ్డుపడింది. "అది కాదు పాపా, పొద్దున నేను..."

"ఉండు పెద్దమ్మా, అందరికీ పంపించేసినా. పేరు కూడా పెట్టినా."

అంతలోనే గోడ మీది తెర వెలిగి వార్త చదివింది. కొత్తగా బయటపడిన పుల్లటి సముద్రం పేరు ఓబులమ్మ సముద్రమట.

నస్రీన్‌కు కళ్లనీళ్లు ఆగడం లేదు. "అంతా నీ పుణ్యమే పెద్దమ్మా. ఆ చేతులిట్లియ్యి, కండ్లకద్దుకుంటా."

యాసిడ్‌కు ఇంకా మండుతున్న వేళ్లను ఓబులమ్మ కొంగులో దాచుకుంది.